బయటివాళ్ల జాబితా

శిక్షణ రెండో రోజు మధ్యాహ్నం కనకం కాగితానికి రెండు వైపులా రాసింది. పాలవాడు, గ్యాస్ బండి మనిషి, నీళ్ల మోటారు బాగుచేసేవాడు, నెలకోసారి వచ్చే డాక్టరు, వాచ్‌మన్ దిలీప్‌తో బాతాఖానీకి వచ్చే అతని బావమరిది. మొత్తం పదకొండు మంది. ‘ఈ ఇంట్లోకి వచ్చిపోయే బయటివాళ్లు’ అని కాగితం నెత్తిన హిందీలో అచ్చేసి ఉంది. తక్కిన ఆయాలు నాలుగు పేర్లకే ఆగిపోయి పెన్ను చివర కొరుకుతున్నారు.

“పదకొండా! శభాష్ ఆంటీ,” అంది ప్రణీత.

ప్రణీత రాయపూర్ నుంచి వచ్చిన శిక్షకురాలు. ముప్పై దాటలేదు. పిల్లల హాస్టళ్లలో, ఆశ్రయ గృహాల్లో పనిచేసేవాళ్లకు అక్కడి పిల్లలకు ఏ రకమైన చెడూ జరగకుండా ఎలా కాపు కాయాలో నేర్పడం ఆమె ఉద్యోగం. తండ్రి కోర్బా బొగ్గు గనుల్లో ఇంజనీరు. తెలుగు మాట్లాడుతుంది, చదవమంటే మాత్రం బోర్డు ముందు నిలబడ్డ ఒకటో తరగతి పిల్ల.

కనకం పనిచేసే బాలికల గృహం బిలాస్‌పూర్ శివారు తిఫ్రాలో, పారిశ్రామికవాడకు పోయే రోడ్డు పక్క సందులో ఉంది. ఓ ట్రస్టు నడుపుతుంది. ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ముప్పై నలుగురు ఆడపిల్లలు. తల్లిదండ్రులు లేనివాళ్లు కొందరు, ఉన్నా ఇటుక బట్టీల వెంట దేశాలు పట్టిపోయినవాళ్లు కొందరు. కనకం వాళ్లకు హౌస్ మదర్. పంతొమ్మిదేళ్లుగా అదే పని. పిల్లలకు అమ్మాజీ.

నాలుగు గంటలకు గేటు చప్పుడైంది. తెల్ల లాల్చీ, ఒక చేతిలో గొడుగు, రెండో చేతిలో జామకాయల సంచీ. విశ్వనాథం వచ్చారు, పిల్లలందరికీ నానాజీ, అంటే తాతయ్య. భోజనాల హాలు మధ్యగా నడుస్తూ, బల్లల ముందు కూర్చున్న ఆయాలను చూసి, “బాగా చదవండి, ఫెయిలైతే నేను ట్యూషన్ చెప్తాను,” అని వేళాకోళమాడి మెట్లెక్కారు. ఆయన వెనకే ఎనిమిదో తరగతి పిల్ల ఖిలేశ్వరి పుస్తకాలు పట్టుకుని పరుగున వెళ్లింది. మేడమీది చిన్నగది తలుపు పడిన చప్పుడు కిందికి వినిపించింది.

ప్రణీత చేతిలో కాగితం చూసింది, మెట్ల వైపు చూసింది. హిందీ వదిలేసి తెలుగులోకి దిగింది.

“ఆయనెవరు ఆంటీ?”

“మా బాబాయి.”

“మీ నాన్నగారి తమ్ముడా?”

“కాదమ్మా. మా నాన్నా ఆయనా రైల్వేలో ఒకే షెడ్డు. ఎదురెదురు క్వార్టర్లు. నాను గౌనేసుకున్నకాడి నుంచీ బాబాయే.”

“అంటే చుట్టం కాదు.”

“సుట్టం కాకపోడమేటి? బాబాయని సెప్తన్నాను కదా.”

“మరి ఈ లిస్టులో లేరేం?”

కనకం తెల్లమొహం వేసింది. “బయటోళ్ల పేర్లు కదమ్మా రాయమన్నారు?”

ప్రణీత నవ్వలేదు. నవ్వి ఉంటే కనకానికి కాస్త తేలిగ్గా ఉండేది.

బిలాస్‌పూర్ రైల్వే తెలుగువాళ్లలో చుట్టరికానికి రక్తం అక్కర్లేదు. శ్రీకాకుళం నుంచీ విజయనగరం నుంచీ ఖలాసీలుగా, ఫైర్‌మన్లుగా వచ్చినవాళ్లకు ఇక్కడ మేనమామలెక్కడి నుంచి వస్తారు? ఎదురు క్వార్టరాయన బాబాయి, పక్క లైను ఆవిడ అత్త. పిల్ల పెళ్లికి మేనమామ బుట్ట పట్టాల్సి వస్తే షెడ్డులో పనిచేసేవాడెవడో పట్టేవాడు. కనకం పెళ్లికి అలా పట్టినవాళ్లలో విశ్వనాథం తమ్ముడొకడు. పెళ్లైన పదేళ్లకు భర్త పోయాడు. అతనిది రైలు క్యాంటీన్లో కాంట్రాక్టు పని గనక రైల్వే ఆమెకేమీ ఇవ్వలేదు. అప్పుడు ఆఫీసులో హెడ్ క్లర్కుగా ఉన్న విశ్వనాథం ఈ ట్రస్టు పెద్దలతో మాట్లాడి, తన స్కూటరు మీద తీసుకొచ్చి ఇక్కడ చేర్చారు. “మా అన్నగారి అమ్మాయి,” అని చెప్పారు.

రిటైరయ్యాక ఆయన పిల్లలకు లెక్కలు చెప్తానని వచ్చిన మొదటి రోజు దిలీప్ గేటు దగ్గర పుస్తకం చాపాడు, సంతకం చెయ్యమని. కనకమే పరుగెత్తుకెళ్లి అడ్డుపడింది. “ఇంటి మనిషిని సంతకం అడుగుతావా? బుద్ధుందా?” ఎనిమిదేళ్లయింది. ఆ పుస్తకంలో పాలవాడి పేరు వందల సార్లుంది. విశ్వనాథం పేరు ఒక్కసారీ లేదు.

ఆ సాయంత్రం ప్రణీత పాఠం మళ్లీ మొదలైంది. ఎవరికీ కనిపించని చోట ఒక పెద్ద మనిషి, ఒక పిల్ల ఉండకూడదు. తలుపు మూసి ఉండకూడదు. ఒక్క పిల్లకే ప్రత్యేకంగా కానుకలివ్వకూడదు. ఎవరికీ చెప్పకని పిల్లతో అనకూడదు. పిల్లను సొంత ఇంటికి తీసుకెళ్లకూడదు.

ఒక్కో మాటకూ కనకం గుండె ఒక్కో మెట్టు దిగింది. విశ్వనాథం గురించి కాదు. తన గురించి.

ప్రతి ఆదివారం ఆమె ఒక పిల్లను వంతు ప్రకారం తోర్వాలోని తన ఇంటికి తీసుకెళ్తుంది. కుంకుడుకాయలు కొట్టి తలంటి, పప్పూ అన్నం పెట్టి, మధ్యాహ్నం పక్కనే పడుకోబెట్టుకుని, సాయంత్రానికి తెచ్చి దింపుతుంది. సూపరింటెండెంటు రాజేంద్రకు చెప్పదు. “తక్కినోళ్లకి సెప్పకే, ఏడుస్తారు,” అని పిల్లకు మురుకులు కట్టిస్తుంది. మూసిన తలుపు, కానుక, రహస్యం, సొంత ఇల్లు. ప్రణీత చదివిన పట్టీలో ఒక్కటీ మిగల్లేదు.

కనకం చెయ్యెత్తింది. “మేడమ్‌జీ, తలంటు పోస్తే తప్పా?”

హాలంతా నవ్వింది. “అమ్మాజీని జైల్లో పెట్టండి, కుంకుడుకాయలతో సహా!” అంది వంటావిడ.

ప్రణీత చేయెత్తి ఆపింది. “తలంటు తప్పని నేననలేదు. నలుగురికీ కనిపించేలా పోయండి. మీరు మంచివారే ఆంటీ. కానీ చెడ్డవాడు కూడా మంచివాళ్లు చేసే పనులే చేస్తాడు, ఎక్కువ జాగ్రత్తగా చేస్తాడు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే నియమం మనుషుల్ని చూసి పెట్టరు.”

పోతూ పోతూ ఆమె ఒక పసుప్పచ్చ అట్ట రిజిస్టరు ఇచ్చింది. పిల్లల విషయంలో ఎవరికి ఏది తేడాగా కనిపించినా అందులో రాయాలి. చూసింది చూసినట్టు, పిల్ల అన్న మాట అన్నట్టు. మీ అభిప్రాయం వద్దు. పిల్ల సగం చెప్పి ఆగితే ఆ సగమే రాయండి, మిగతాది లాగకండి. రాసిన పేజీ నకలు మూడు రోజుల్లో జిల్లా బాలల సంక్షేమ సమితికి పోతుంది.

ఆ వారం కనకానికి తన కళ్లు తనవి కానట్టే ఉంది. ఇన్నాళ్లూ చూస్తూ ఉన్నవే కొత్తగా కనపడటం మొదలుపెట్టాయి. విశ్వనాథం దగ్గర మొదట ఆరుగురు పిల్లలు చదివేవాళ్లు, కింద వరండాలో. జూన్ తర్వాత ఖిలేశ్వరి ఒక్కతే, మేడమీద. ఎందుకంటే ఆ పిల్ల నవోదయ బడిలో తొమ్మిదో తరగతికి ప్రవేశ పరీక్ష రాస్తోంది, తెలివైనది, బెల్తరా దగ్గరి పల్లె నుంచి వచ్చిన పిల్లల్లో అంతటి లెక్కల బుర్ర ఇంకోటి లేదు. ఈ కారణం చెప్పింది ఎవరు? విశ్వనాథమే. ఒప్పుకున్నది ఎవరు? కనకమే. కారణం అబద్ధమా? కాదు, పిల్ల నిజంగానే తెలివైనది. మరయితే?

మంగళవారం నాలుగూ పదికి ఏదో నెపంతో మేడెక్కింది. తలుపు మూసి ఉంది. తట్టింది.

“బాబాయ్, ఇకనుంచి తలుపు తీసి ఉంచాలంట. రూలొచ్చింది.”

“ఏటే, నా మీదా రూలు?” నవ్వుతూనే అన్నారాయన. “కింద గిన్నెల మోత నీకు వినబడట్లేదేటి? ఆ గుంటే మూసింది. అడుగు.”

“నేనే మూశాను అమ్మాజీ,” అంది ఖిలేశ్వరి, పుస్తకంలోంచి తల ఎత్తకుండా. అడక్క ముందే అంది. లేక ఆయన అడగమన్నారు గనక అంది. కనకం మెట్లు దిగేటప్పటికి ఈ రెండింటిలో ఏదో తేల్చుకోలేకపోయింది.

బుధవారం తలుపు తీసి ఉంది. గురువారం మూసి ఉంది. వాన జల్లు కొడుతోందన్నారు. నిజంగానే కొడుతోంది.

శుక్రవారం ఖిలేశ్వరి చేతికి గడియారం చూసింది. గులాబీ రంగు పట్టీ.

“ఎవరిచ్చారే?”

“మామయ్య.”

“మీ మామయ్య వచ్చి ఏడాదైంది.”

పిల్ల పట్టీని ముంజేతి మీద తిప్పింది. “నానాజీ ఇచ్చారు. పరీక్షలో టైము చూసుకోవాలి కదా. చెప్పొద్దన్నారు.”

“ఎందుకు చెప్పొద్దన్నారు?”

“తక్కినవాళ్లు ఏడుస్తారని.”

తను ఆదివారాలు అనే మాటే. అక్షరం పొల్లుపోలేదు. ఈ మాట తన నోట ప్రేమ అయితే ఆయన నోట ఏమిటి? ఆయన నోట తప్పయితే తన నోట ఏమిటి?

శనివారం ఆమె ఆయన్ని గేటు దగ్గరే పట్టుకుంది. దిలీప్ టీ తాగడానికి పోయాడు. చెట్టు కింద కూడా నిలబడకుండా ఇద్దరూ గొడుగుల కింద మాట్లాడుకున్నారు.

“బాబాయ్, గడియారం ఇచ్చినారంట.”

“ఇచ్చేను. నూటయాభైది. దొంగతనం సేసేనేటి?”

“నాకు సెప్పొద్దన్నారంట.”

“నీకని కాదే అమ్మా, పిల్లలకి.” ఆయన గొడుగు కొంచెం ఎత్తి ఆమె మొహం చూశారు. “ఏటైందే నీకు? ఆ రాయపూర్ పిల్లొచ్చి రెండ్రోజులు నూరిపోసి పోయింది, నువ్వు ఇన్స్‌పెక్టరైపోయావు! ఆదివారం ఆదివారం ఒక్కో గుంటని నీ ఇంటికి తీసుకుపోయి తలుపేసుకుని తలంటుతావు. నానెప్పుడైనా అడిగేనేటి? రాజేంద్ర సారుకి సెప్పేనేటి?”

“లేదు బాబాయ్.”

“అదీ. ఇంట్లో మనుషులం.” ఆమె భుజం తట్టి లోపలికి వెళ్లారు.

ఆ మాట బెదిరింపో, మందలింపో కనకానికి తెలియలేదు. చిన్నప్పుడు జామచెట్టెక్కి కింద పడితే ఎత్తుకుని రైల్వే ఆసుపత్రికి పరుగెత్తిన మనిషి. మోచేతి మీద ఆ కుట్ల గుర్తు ఇంకా ఉంది. ఆ మనిషి బెదిరిస్తాడా? ఆ మనిషిలో ఇలాంటి మాటకూ చోటుందా? గొడుగు కింద చాలాసేపు అలాగే నిలబడింది. దిలీప్ తిరిగొచ్చి, “అమ్మాజీ, వాన ఆగిపోయింది,” అన్నాడు.

సోమవారం సూపరింటెండెంటు రాజేంద్ర గదిలోకి వెళ్లి జరిగిందంతా చెప్పింది. తన ఆదివారాలతో సహా. రాజేంద్ర చెడ్డవాడు కాదు, అలిసిపోయినవాడు. వారానికి మూడు రోజులు పిల్లల కాగితాల కోసం బోద్రీ కోర్టు చుట్టూ తిరుగుతాడు. తలపట్టుకున్నాడు.

“ఆంటీజీ, వచ్చే నెల తనిఖీ ఉంది. రిజిస్టరు ఖాళీగా ఉంటే శుభ్రంగా ఉంటుంది. విశ్వనాథం సార్‌తో నేను నోటిమాటగా చెప్తాను, వరండాలో కూర్చోమని. సరేనా?”

“నేను చెప్పాను. రెండోరోజే మళ్లీ మూశారు.”

“మీకేమైనా కనిపించిందా? ఖచ్చితంగా?”

“లేదు.”

“మరి ఏం రాస్తారు?”

ఆమె కుర్చీలోంచి లేచింది. బయటికొచ్చి ప్రణీతకు ఫోను చేసింది.

“అమ్మా, నాకేటీ తెలీట్లేదు. ఆయన ఏ పాపమూ ఎరగని మనిషైతే? నా సేత్తో నానే బురద జల్లినట్టు కాదా?”

“కావచ్చు ఆంటీ.”

కాదని అంటుందనుకుంది కనకం. “మరి?”

“ఆయన దోషి అని మీరు రాయట్లేదు కదా. తలుపు మూసి ఉందని రాస్తున్నారు. మూసి ఉందా లేదా?”

“ఉంది.”

“గడియారం సంగతి దాచమన్నారా లేదా?”

“అన్నారు. నానూ అంటాను కదమ్మా, మురుకులు దాచమని!”

“అయితే అదీ రాయండి,” అంది ప్రణీత. “అడగాల్సింది మీరు కాదు, నేనూ కాదు. అడగడం వచ్చినవాళ్లు వేరే ఉన్నారు. రాస్తేనే వాళ్లొస్తారు. పిల్ల ఆ గదికి ఇవాళ కూడా వెళ్తుంది కదా ఆంటీ?”

ఫోను పెట్టేసి కనకం గోడ గడియారం చూసింది. మూడున్నర. నాలుగింటికి ఆయనొస్తారు.

రిజిస్టరు తీసి భోజనాల బల్ల మీద పెట్టింది. చదువు హిందీలో, తిట్లు తెలుగులో నేర్చిన మనిషి. రాయడం ఎప్పుడూ కష్టమే. ముందు తన పేరు రాసింది. ప్రతి ఆదివారం ఒక పిల్లను ఇంటికి తీసుకెళ్తాను, తలుపు వేసి ఉంటుంది, చెప్పొద్దంటాను. కింద రెండో వరసలో తేదీ, మంగళవారం, నాలుగూ పది, మేడగది, తలుపు మూసి ఉంది. గురువారం మళ్లీ మూసి ఉంది. శుక్రవారం గడియారం, మామయ్య అని మొదట, నానాజీ అని తర్వాత. శనివారం గేటు దగ్గర మాటలు. చివరి గడిలో ‘సిబ్బందితో బంధుత్వం’ అని ఉంది. అక్కడే పది నిమిషాలు పోయింది. ‘లేదు’ అని రాసింది. రాసి, మంట మీద చెయ్యి పెట్టినట్టు పెన్ను వదిలేసింది.

ఆ రోజు ఆయన్ని మెట్లెక్కనివ్వలేదు. “కాగితం సమితికి పోతంది బాబాయ్. పై నుంచి మాటొచ్చేదాకా లోపలికి రాకండి,” అంది. తలెత్తి చూడలేదు. ఆయన జామకాయల సంచీ దిలీప్ స్టూలు మీద పెట్టి వెళ్లిపోయారు. అంత తొందరగా ఎందుకు వెళ్లిపోయారు? కోపమా, భయమా, అవమానమా? ఏ అడుగు ఏ రకానిదో వెనక నుంచి చూస్తే తెలియదు.

జిల్లా బాలల సంక్షేమ సమితి వాళ్లు వచ్చారు. ఒక మహిళా కౌన్సిలరు ఖిలేశ్వరితో మూడు సార్లు మాట్లాడింది. ఏం తేలిందో కనకానికి చెప్పలేదు, చెప్పకూడదట. ఆమెకు చెప్పింది రెండే. విశ్వనాథం ఇక రారు. ఆదివారాలు ఇంటికి పిల్లల్ని తీసుకెళ్లినందుకు కనకానికి హెచ్చరిక కాగితం. రాజేంద్ర ఆ కాగితం ఇస్తూ, “నేను చెప్పానా?” అన్నట్టు చూశాడు. తలంటు ఇప్పుడు గృహంలోనే, పెరటి కుళాయి దగ్గర, ముగ్గురేసి. గోలగోలగా ఉంటుంది. పెద్దపిల్లలు సిగ్గని రారు.

రైల్వే కాలనీలో వినాయక నిమజ్జనం నాడు విశ్వనాథం భార్య శాంతాదేవి కనకానికి ప్రసాదం చేతికివ్వకుండా పక్కన బల్ల మీద పెట్టింది. “స్కూటరు మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోయిన మనిషిని...” అని ఎవరితోనో అంటూ మాట మధ్యలో ఆపేసింది. వేణుగోపాల్ అనే ఫిట్టరు మాత్రం దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, “మంచి పని సేసేవు అక్కా,” అన్నాడు. ఎందుకన్నాడు? అతనికేమైనా తెలుసా, ఊరికే అన్నాడా? అడిగేలోగా జనంలో కలిసిపోయాడు. అందరికంటే ఎక్కువగా ఆ మాటే ఆమెను తినేసింది.

ఖిలేశ్వరి నెల రోజులు ఆమెతో మాట్లాడలేదు. లెక్కలు చెప్పడానికి కొత్త టీచరు వస్తోంది, వరండాలో, పదిమందికి కలిపి. గడియారం పెట్టుకోవడం మానేసింది. అది సమితి వాళ్లు తీసుకున్నారో, తనే దాచిందో కనకం అడగలేదు. ఒక సాయంత్రం పళ్లేల వరసలోంచి తప్పుకుని, బియ్యం ఏరుతున్న ఆమె ముందుకొచ్చి నిలబడింది.

“నానాజీ పేరెందుకు రాశారు? ఆయనేం చేశారని?”

“ఏం చేశారో నాకు తెలీదే.”

“తెలీకుండా రాసేస్తారా?”

“తలుపు మూసి ఉందని రాశాను. నీ మీద కాదు.”

“నా పరీక్ష పోతుంది. తెలుసా?”

“తెలుసు.” నిజంగానే పోవచ్చు.

పిల్ల పళ్లెం అంచును గోటితో గీకింది.

“ఇప్పుడు నేను మీకేదైనా చెప్తే, అదీ రాస్తారా?”

కనకం చేట కింద పెట్టింది. లేదు తల్లీ, నాకు మాత్రమే చెప్పు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే పిల్ల చెప్పేస్తుందని కూడా అనిపించింది.

“రాస్తాను,” అంది.

ఖిలేశ్వరి ఆలోచించింది. “అయితే ఇవాళ కాదు,” అని వెనక్కి తిరిగి వరసలో తన చోటుకు వెళ్లి నిలబడింది.

కనకం చేట పక్కకు తోసింది. చెప్పడానికి ఏదో ఉందనా? అలక మీద అన్న మాటా? పదమూడేళ్ల పిల్ల పెద్దవాళ్లను పరీక్షించడమా? లేచి వెళ్లి చెయ్యి పట్టుకుని అడగాలనిపించింది. లాగకండి అని ప్రణీత చెప్పి వెళ్లింది. పిల్ల అన్నం పెట్టించుకుంది, పప్పు పెట్టించుకుంది, పక్కదానితో ఏదో అని నవ్వింది కూడా. మామూలుగానే ఉంది. మామూలుగా ఉండటమంటే ఏమిటో కనకానికి ఇప్పుడు తెలియడం లేదు.

చీర కొంగుతో చేతులు తుడుచుకుని రిజిస్టరు తెరిచింది. తేదీ వేసింది. సాయంత్రం ఏడుంపావు, భోజనాల హాలు. ఆ పిల్ల చివర అన్న రెండు మాటలూ, తనన్న ఒక్క మాటా, వరస తప్పకుండా, అన్నది అన్నట్టు రాసి, కింద సంతకం పెట్టింది.